కీబోర్డు పదేళ్లు నిలవాలంటే: ఎంపిక నుంచి మరమ్మతు దాకా

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాల పేజీలు కంపోజ్ చేసే గదుల్లోకి వెళ్తే ఒక విషయం కనిపిస్తుంది. కంప్యూటరు మారుతుంది, తెర మారుతుంది, కుర్చీ కూడా మారుతుంది గానీ, వేళ్లకు అలవాటైన కీబోర్డును మాత్రం ఆపరేటరు అంత తేలిగ్గా వదులుకోడు. నేను కూడా ఆ కోవకు చెందినవాణ్నే కనుక, ఏ కీబోర్డు ఎందుకు నిలుస్తుందో, ఏది ఎందుకు మూలపడుతుందో చాలాకాలంగా గమనిస్తూ వచ్చాను. మన ఊళ్లలో కీబోర్డులు నొక్కి నొక్కి అరిగిపోయి చావవు. దుమ్ము, ఉక్కపోత, టీ చుక్క, నలిగిన వైరు వాటిని చంపుతాయి. అందువల్ల విప్పి శుభ్రం చేసుకోగలిగినదీ, పాడైన భాగాన్ని మార్చుకోగలిగినదీ అయిన కీబోర్డే ఎక్కువ కాలం ఉంటుంది. ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఆ ఒక్క లెక్క మీదే నడుస్తాయి.

1. అట్టపెట్టె మీది అంకెను లెక్కకట్టి చూడండి

కీబోర్డు పెట్టెల మీద ఒక్కో మీట ఇన్ని నొక్కులు తట్టుకుంటుందని అచ్చు వేస్తారు. చవకలో బాగా అమ్ముడయ్యే లాజిటెక్ కె120 వంటి రబ్బరు గుబ్బల కీబోర్డుకు ఆ అంకె 1 కోటి. ప్రతి మీట కిందా విడి స్విచ్ ఉండే మెకానికల్ కీబోర్డుల్లో వాడే చెర్రీ ఎంఎక్స్ స్విచ్‌లకు రకాన్ని బట్టి 5 కోట్ల నుంచి 10 కోట్ల దాకా చెబుతారు.

ఈ అంకెలు మీ పనికి ఎంతవరకు వర్తిస్తాయో చూద్దాం. రోజుకు 30 వేల నొక్కులు నొక్కే ఆపరేటరు ఏడాదికి 300 రోజులు పనిచేస్తే, మొత్తం నొక్కులు 90 లక్షలు అవుతాయి. అందులో ఏడో వంతు స్పేస్ బార్ మీద పడుతుందనుకుంటే, ఏటా సుమారు 13 లక్షలు. అంటే అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తినే ఆ ఒక్క మీట కూడా చవక కీబోర్డులో ఏడేళ్లకు పైగా, చెర్రీ స్విచ్ మీద ముప్పై ఏళ్లకు పైగా రావాలి. అయినా చవక కీబోర్డు రెండు మూడేళ్లకే అటకెక్కుతోందంటే కారణం నొక్కుల సంఖ్య కాదని తేలిపోతున్నది. 5 కోట్లా, 10 కోట్లా అని దుకాణంలో బేరమాడటం కన్నా, మూత విప్పడానికి మరలు ఎక్కడున్నాయో చూడటం మేలు.

2. మీ చేతి కింద ఏ మీట ముందు అరుగుతుందో తెలుసుకోండి

ఇంగ్లిష్ టైపు చేసేవారి కీబోర్డు ఒక రకంగా, తెలుగు టైపు చేసేవారిది మరొక రకంగా అరుగుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరిక పద్ధతిలో అచ్చుల గుర్తులు ఎడమచేతి వైపున, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపున ఉంటాయి. పొల్లు గుర్తు ‘డి’ మీట మీద ఉంటుంది. షిఫ్టు పట్టుకుని అదే మీట నొక్కితే ‘అ’ పడుతుంది. తెలుగులో ఒత్తు రాసిన ప్రతిసారీ ముందు పొల్లు నొక్కక తప్పదు. ‘అమ్మ’ అనే చిన్న మాటకు నాలుగు దెబ్బలు పడితే, వాటిలో రెండు ‘డి’ మీటవే. ‘స్త్రీ’ అనే మాటకు ఆరు దెబ్బల్లో రెండు మళ్లీ దానివే. గుంటూరు, విజయవాడ అన్న రెండు పేర్లలోనూ ఒత్తు లేకపోవడం ఆ మీట చేసుకున్న పుణ్యమనే చెప్పాలి. రోమన్ అక్షరాలతో తెలుగు కొట్టేవారికైతే మన మాటలు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి ‘ఏ’, ‘ఐ’, ‘యు’ మీటల మీద భారం పడుతుంది.

ఇది తెలుసుకోవడం వల్ల రెండు లాభాలున్నాయి. కొనేటప్పుడు ఆ మీటల మీది అచ్చు ఎలాంటిదో పరిశీలించి చూస్తారు. తరవాత రోజుల్లో ఏ మీట ముందుగా మొరాయిస్తుందో మీకు ముందే అంచనా ఉంటుంది.

3. లోపలి నిర్మాణాన్ని చూసి రకం ఎంచుకోండి

రబ్బరు గుబ్బల కీబోర్డును దుకాణాల్లో మెంబ్రేన్ కీబోర్డు అంటారు. అందులో మూడు పలుచని ప్లాస్టిక్ పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పై పొర మీదా, కింది పొర మీదా విద్యుత్తు పారే గీతలను అచ్చు వేసి ఉంటారు; నడిమి పొరకు మీటలున్న చోటల్లా రంధ్రాలుంటాయి. మీట నొక్కినప్పుడు రబ్బరు గుబ్బ అణగి, పై పొరను ఆ రంధ్రంలోంచి కింది పొరకు తాకిస్తుంది. శబ్దం తక్కువ, ధర తక్కువ. పొరల మధ్యకు తేమ చేరితే మాత్రం ఆ సన్నని గీతలు తుప్పు పట్టి తెగిపోతాయి. అప్పుడు ఒక్క మీట కాకుండా, ఆ గీత మీద ఉన్న మీటలన్నీ వరసగా ఒకేసారి పోతాయి. ఇలాంటి కీబోర్డులో ఒక్క మీటను విడిగా మార్చే వీలు ఉండదు.

ల్యాప్‌టాప్‌లలో ఉండే కత్తెర మడతల మీటలు కూడా ఎక్కువగా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. మీటను మరీ పలచగా చేస్తే ఏమవుతుందో ఆపిల్ కంపెనీ అనుభవం చెబుతుంది. 2015లో తెచ్చిన సీతాకోకచిలుక మడతల కీబోర్డులో దుమ్ము రేణువులు ఇరుక్కుని మీటలు పనిచేయకపోవడంతో, 2018లో ఉచిత మరమ్మతు పథకం ప్రకటించి, 2019 చివర్లో మళ్లీ కత్తెర మడతలకే తిరిగివచ్చింది.

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకూ దాని స్విచ్ దానికి ఉంటుంది. లోపల ఒక స్ప్రింగు, దాని పక్కన రెండు లోహపు రేకులు ఉంటాయి. మీట సుమారు 2 మిల్లీమీటర్లు దిగగానే రేకులు తాకి అక్షరం పడుతుంది. మొత్తం దిగే లోతు 4 మిల్లీమీటర్లు. చెర్రీ స్విచ్‌లలో ఆ తాకిడి స్థానం బంగారంతో ఉంటుంది. బంగారానికి తుప్పు పట్టదు కాబట్టి కృష్ణా తీరపు ఉక్కలో ఇది చిన్న విషయం కాదు. ఎరుపు స్విచ్ నున్నగా దిగుతుంది, గోధుమరంగుది మధ్యలో చిన్న గడప దాటినట్టు తెలుస్తుంది, నీలిది ఆ గడప దగ్గర టిక్కుమంటుంది. చెర్రీ పేటెంట్ల గడువు తీరాక గేటరాన్, కైల్, ఔటెము వంటి కంపెనీలు అదే కొలతలతో స్విచ్‌లు చేయడం వల్ల ధరలు దిగివచ్చాయి. విడి స్విచ్‌లు దొరకడమూ తేలికైంది. కీబోర్డు ఆయుష్షుకు ఈ కొలతల ఏకరూపత చేసిన మేలు ఏ కొత్త సదుపాయమూ చేయలేదని నా అభిప్రాయం.

వాడకందార్లు ఏళ్ల తరబడి విడవని కీబోర్డుల గురించి మాట్లాడితే ఐబీఎం మోడల్ ఎం పేరు రాకుండా ఉండదు. 1985లో వచ్చిన ఆ కీబోర్డు రెండు కిలోల పైచిలుకు బరువుంటుంది. మీట నొక్కగానే లోపలి స్ప్రింగు వంగి టక్కుమంటూ చిన్న సుత్తిని కిందికి నెడుతుంది. విచిత్రమేమిటంటే ఇంత గట్టి కీబోర్డు అడుగున కూడా ప్లాస్టిక్ పొరలే ఉన్నాయి. కాలం గడిచాక పొరలను పట్టి ఉంచే ప్లాస్టిక్ రివెట్లు విరుగుతాయి. ఇష్టపడి వాడేవారు వాటి స్థానంలో సన్నని బోల్టులు బిగించి మరో తరానికి సిద్ధం చేసుకుంటారు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో యూనికాంప్ అనే సంస్థ ఇప్పటికీ ఆ పద్ధతి కీబోర్డులను తయారుచేస్తోంది.

మన దేశంలో అలాంటి స్థానం టీవీఎస్ గోల్డ్ కీబోర్డుది. చెర్రీ నీలి స్విచ్‌లతో చాలాకాలం వచ్చిన ఈ కీబోర్డు చప్పుడు విననివారు కంపోజింగ్ గదిలో అడుగుపెట్టనట్టే లెక్క. ఇప్పుడు కొనేవారు పేరు చూసి సరిపెట్టుకోకుండా, ఒక కీక్యాప్ (మీట మీద అక్షరం ఉండే ప్లాస్టిక్ టోపీ) తీసి కింద ఏ కంపెనీ స్విచ్ ఉందో చూసుకోవాలి.

రోజంతా టైపు చేసేవారికి నా సలహా ఇది: వైరున్న మెకానికల్ కీబోర్డు, విడిగా ఒంటి గది ఉంటే నీలి స్విచ్, పక్కన మరొకరు పనిచేస్తుంటే గోధుమరంగు లేదా ఎరుపు. రోజుకు గంట వాడేవారికి, మరీ దుమ్ములో వాడేవారికి చవక మెంబ్రేన్ చాలు. వైరులేని వాటిలో లోపలి లిథియం బ్యాటరీ స్విచ్‌లకన్నా చాలా ముందే నీరసపడుతుంది కనుక దీర్ఘకాలం కోసం చూసేవారు వాటిని పక్కన పెట్టవచ్చు.

4. దుకాణంలో పది నిమిషాలు నిలబడండి

గవర్నర్‌పేటలో గానీ, అరండల్‌పేటలో గానీ తెరిచి చూపించే దుకాణంలోనే కొనండి. “అన్నా, ఒక్క కీక్యాప్ తీసి చూసుకోవచ్చా?” అని మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు. తీశాక ఏం చూడాలో చెబుతాను.

ముందు అక్షరం ఎలా వేశారో చూడండి. మీట మీద పైపైన సిరా అద్దిన అచ్చు వేళ్ల చెమటకు మొదట పోతుంది. గోటితో తడిమితే ఉబ్బెత్తుగా తెలుస్తుంది. రెండు రంగుల ప్లాస్టిక్‌ను కలిపి పోతపోసిన కీక్యాప్‌లో అక్షరం ఆ మందమంతా ఉంటుంది కాబట్టి అది చెరిగే ప్రశ్నే లేదు. తిరగేసి చూస్తే లోపలి వైపు రెండో రంగు కనిపిస్తుంది. ప్లాస్టిక్‌లో ఏబీఎస్ అనేది వాడేకొద్దీ నూనె రాసినట్టు మెరుపెక్కుతుంది. పీబీటీ అనేది కొంచెం గరుకుగా ఉండి, ఆ గరుకుతనాన్ని ఎక్కువ కాలం నిలుపుకుంటుంది. మే నెలలో అరచేతులు తడిసి ముద్దయ్యే మన ఊళ్లలో పీబీటీకి కొంత ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

తరవాత స్పేస్ బార్, ఎంటర్, షిఫ్టు మీటలను నడుమ కాకుండా రెండు చివర్లా విడివిడిగా నొక్కండి. ఎటు నొక్కినా సమంగా దిగి సమంగా లేవాలి. ఒక మూల పట్టేస్తే, పొడవాటి మీట రెండు చివర్లనూ సమంగా దించే లోపలి తీగ సరిగ్గా కూర్చోలేదని అర్థం. కీబోర్డును రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా మెలితిప్పి చూడండి; కిర్రుమని వంగేదాని కన్నా లోహపు పలక ఉన్నది నయం. వైరు ఊడదీసి పెట్టుకునే రకమైతే మరీ మంచిది. కీబోర్డులోకి వైరు దూరే చోట నలిగి తెగడం అతి సాధారణం. ఊడే వైరైతే మరొకటి కొని తగిలించుకోవచ్చు. స్విచ్‌లు కూడా సోల్డరింగ్ లేకుండా పీకి పెట్టుకునే రకమైతే, ఎనిమిదో మెట్టులో చెప్పే శ్రమ సగం తగ్గుతుంది.

5. బల్ల మీద చోటు చూసి పెట్టండి

ఎయిర్ కూలర్ గాలి నేరుగా కీబోర్డు మీద పడకూడదు. కూలర్ గాలిలో నీటి తేమ నిండి ఉంటుంది. ఎండాకాలం మూడు నెలలు ఆ గాలికి ఎదురుగా ఉన్న మెంబ్రేన్ కీబోర్డు వానాకాలానికి జవాబు చెప్పదు. కిటికీ ఎండ కూడా పడకుండా చూసుకోవాలి. పని ముగిశాక పాత నూలు చీర ముక్కో, తువ్వాలో కప్పితే సరిపోతుంది. టీ గ్లాసును కీబోర్డుకు వెనక కాకుండా, మోచేతికి అందని పక్క బల్ల మీద, కీబోర్డు కన్నా పల్లంలో పెట్టడం అలవాటు చేసుకోండి.

మిర్చి యార్డు పరిసరాల్లోని కమీషన్ దుకాణాల సంగతి వేరు. అక్కడి ధూళిలో మిరప పొట్టూ, గింజల నూనే కలిసి ఉంటాయి. ఉఫ్ మంటే ఎగిరిపోయే దుమ్ము కాదది, జిగురులా పట్టుకుంటుంది. అలాంటి చోట మెకానికల్ కీబోర్డు పెట్టి బాధపడటం కన్నా, మెంబ్రేన్ కీబోర్డుకు సిలికాన్ తొడుగు వేసి, ఆ తొడుగును వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టుకోవడమే తెలివైన పని.

6. శుభ్రం చేసే క్రమం

వారానికోసారి వైరు తీసి, కీబోర్డును తలకిందులు చేసి, వీపు మీద నాలుగు దెబ్బలు తట్టి, మెత్తని పెయింటు బ్రష్షుతో మీటల సందులు ఊడ్చండి. పాతకాలపు గుండ్రటి పీఎస్2 పిన్ను కీబోర్డయితే కంప్యూటరు ఆపిన తరవాతే పిన్ను పీకాలి, పెట్టాలి; ఆ అమరిక నడుస్తుండగా పీకడానికి చేసినది కాదు.

మూడు నాలుగు నెలలకోసారి మెకానికల్ కీబోర్డుకు పూర్తి స్నానం అవసరం. ముందు మీటల వరసను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కీక్యాప్‌లన్నీ గిన్నెలో పడ్డాక జ్ఞాపకశక్తిని నమ్ముకున్నవారు తరవాత చింతిస్తారు. తీగ కొక్కెం ఉండే పుల్లర్‌తో కీక్యాప్‌ను నిటారుగా పైకి లాగండి. స్క్రూడ్రైవర్ పెట్టి ఒక పక్క నుంచి ఎత్తితే స్విచ్ మెడ విరుగుతుంది. స్పేస్ బార్‌నూ, ఎంటర్‌నూ తీసేటప్పుడు కింది తీగను గమనించి నెమ్మదిగా తీయాలి.

కీక్యాప్‌లను గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి గంటసేపు నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, గుడ్డ మీద బోర్లించి రాత్రంతా నీడన ఆరనివ్వండి. మరుగుతున్న నీళ్లు పోస్తే ఏబీఎస్ వంకర పోతుంది. థిన్నర్, గోళ్ల రంగు చెరిపే ద్రవం ఆ ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి కాబట్టి దగ్గరకు రానివ్వకండి. కీక్యాప్‌లు లేని పలకను బ్రష్షుతో ఊడ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిండిన దూదిపుల్లతో స్విచ్‌ల మధ్య తుడవండి. సెల్‌ఫోన్ మరమ్మతు చేసేవారు ఐపీఏ అని పిలిచే ద్రవం ఇదే. మిరప ధూళి పట్టిన కీబోర్డును మాత్రం ఇంట్లో విదిలించకండి. ఆరుబయట, గాలివాలు చూసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఊడ్చండి. ఈ మాట నేను కళ్లు కడుక్కుంటూ నేర్చుకున్నది.

మీట కిర్రుమంటే కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె చుక్క వేయమని చెప్పేవారుంటారు. వినకండి. అవి కొన్నాళ్లకు దుమ్ముతో కలిసి బంక అవుతాయి. స్విచ్‌ను విప్పి కందెన రాయాలనుకుంటే క్రైటాక్స్ 205జీ0 వంటి చిక్కని గ్రీజును, అదీ సన్నని కుంచెతో పలచగా, లోహపు రేకులకు తగలకుండా రాయాలి. నీలి స్విచ్‌ల జోలికి పోకపోవడం మంచిది. ఆ టిక్కు శబ్దం చచ్చిపోతుంది.

7. టీ ఒలికితే, నీళ్లలో మునిగితే

మొదటి పది సెకన్లలో వైరు పీకండి. తుడవడం తరవాతి సంగతి. నీళ్లకన్నా, నీళ్లలో కరెంటు ఉండటం ఎక్కువ చెరుపు చేస్తుంది. ఆ వెంటనే బోర్లించి, అలాగే వంగుమీద పెట్టి కారనివ్వండి. లాజిటెక్ కె120 వంటివాటిలో ద్రవం కారిపోయేందుకు అడుగున తూములుంటాయి; 60 మిల్లీలీటర్ల వరకు పరీక్షించామని కంపెనీ చెబుతుంది. అది మన హోటళ్లలో ఇచ్చే చిన్న టీ గ్లాసు పాటి కొలత.

మంచినీళ్లయితే రెండు రోజులు నీడన ఆరబెడితే చాలు. టీ అయితే చక్కెర మిగులుతుంది. మీటలు అంటుకోవడమే కాకుండా, ఆ తీపికి చీమలు లోపల కాపురం పెడతాయి. మెంబ్రేన్ కీబోర్డును విప్పి, మూడు పొరలనూ విడదీసి, తడిగుడ్డతో గీతలు గీరుకుపోకుండా అద్ది, పూర్తిగా ఆరాక మళ్లీ పేర్చాలి. మెకానికల్ అయితే తడిసిన స్విచ్‌ల మీద ఐపీఏ పోసి, ఒక్కో మీటను యాభై అరవై సార్లు నొక్కి, తలకిందులుగా ఆరబెట్టాలి. రెండింటికీ హెయిర్ డ్రయర్ వేడి పనికిరాదు; ఫ్యాను గాలి చాలు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ అజిత్‌సింగ్ నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఇళ్లలోని కంప్యూటర్లతో పాటు కీబోర్డులూ మునిగాయి. అలాంటి బురద నీటిలో మునిగినదాన్ని అలాగే ఎండబెడితే మట్టి లోపల గట్టిపడుతుంది. వైరున్న మెకానికల్ కీబోర్డును విప్పి, ముందు మామూలు నీళ్లతో బురద పోయేలా కడిగి, చివర బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తొలవాలి. బోరు నీటి ఉప్పు సర్క్యూట్ బోర్డు మీద తెల్లగా మిగిలిపోకుండా ఆ చివరి తొలుపు కాపాడుతుంది. మూడు నాలుగు రోజులు ఆరాకే కరెంటు ఇవ్వాలి. లోపల లిథియం బ్యాటరీ ఉన్న కీబోర్డు మునిగితే ఈ ప్రయోగాలు చేయకుండా, ఛార్జింగ్ పెట్టకుండా వదిలేయండి.

8. మీట మొరాయిస్తే

ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడటం మెకానికల్ కీబోర్డులకు వచ్చే ముఖ్యమైన జబ్బు. రేకులు తాకేటప్పుడు సన్నగా అదురుతాయి. ఆ అదురును సుమారు 5 మిల్లీసెకన్ల పాటు పట్టించుకోకుండా ఉండేలా కీబోర్డులోని ప్రోగ్రాం రాస్తారు. రేకుల మీద మురికి పడితే అదురు అంతకన్నా ఎక్కువసేపు సాగి రెండో నొక్కుగా లెక్కలోకి వస్తుంది. ముందుగా కీక్యాప్ తీసి, స్విచ్ నోట్లో కాంటాక్ట్ క్లీనర్ (లోహపు రేకుల మురికి వదిలించే ద్రవం) ఒక్క పిచికారీ కొట్టి, వందసార్లు వేగంగా నొక్కండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. క్యూఎంకే అనే ఉచిత ప్రోగ్రాంతో నడిచే కీబోర్డయితే ఆ 5ను 10గా మార్చి కొంతకాలం నెట్టుకురావచ్చు.

అప్పటికీ కుదరకపోతే స్విచ్ మార్చాలి. పీకి పెట్టే రకమైతే స్విచ్ పుల్లర్‌తో లాగి కొత్తది నొక్కడమే. పెట్టేటప్పుడు రెండు కాళ్లూ వంగకుండా తిన్నగా ఉన్నాయో లేదో చూడండి. సోల్డరింగ్ రకమైతే మూత మరలు విప్పి, బోర్డు వెనక ఆ స్విచ్ రెండు కాళ్ల దగ్గర సుమారు 350 డిగ్రీల ఐరన్ ఆనించి, కరిగిన సీసాన్ని సక్కర్‌తో లాగేయండి. ఒక్కో కాలి దగ్గర మూడు సెకన్లకు మించి ఐరన్ పెడితే బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది. చేయి తిరగనివారు సెల్‌ఫోన్ మరమ్మతు చేసే కుర్రాడికి అప్పగిస్తే పావుగంట పని.

విడి స్విచ్ దొరకలేదని ఆగనక్కరలేదు. మీ కీబోర్డులోనే స్క్రోల్ లాక్, పాజ్ అనే రెండు మీటలున్నాయి; వాటిని ఏళ్లలో ఒక్కసారైనా నొక్కి ఉండరు. వాటి కింది స్విచ్‌లు కొత్తవాటితో సమానం. స్క్రోల్ లాక్ స్విచ్ తీసి ‘డి’ స్థానంలో పెట్టి, అలసిన ‘డి’ స్విచ్‌ను స్క్రోల్ లాక్ కింద పడుకోబెట్టండి. మూత వేయకముందే వైరు తగిలించి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ‘అమ్మ’ అని పదిసార్లు కొట్టి, ‘అ’ గానీ పొల్లు గానీ రెండేసి పడటం లేదని చూసుకున్నాకే మరలు బిగించండి.